ఆమేన్ అనేలోపు కొత్త చైను

గాలికి పడిపోయిన మామిడిచెట్టును ఈ రోజు పుంగనూరు శివారులోని మా తోటలో తమ్ముడు సుధాకర్ మిషన్ రంపంతో కోస్తున్నాడు. పొద్దున్నే చైను పళ్లకు పదును పెట్టాడు. అయినా పళ్లు సరిగా కొరకక పిండిలాంటి పొట్టే రాలింది.

చైనులో ప్రతి పంటి ముందూ ఒక చిన్న బొడిపె ఉంటుంది. గేజు అంటారు. పన్ను ఎంత లోతు కొరకాలో దాని ఎత్తును బట్టే ఉంటుంది. పదును పెట్టేకొద్దీ పన్ను తగ్గుతుంది కాబట్టి, కొలత బిళ్ల పెట్టి గేజును కూడా కాస్త అరగదీయాలి. వీడు బిళ్ల లేకుండా కంటి అంచనాతో బాగా అరగదీసేశాడు. మొద్దుకు ఆనించగానే పళ్లు మరీ లోతుగా దిగి, రంపం ఎగిరి మొహం దాకా వచ్చింది. దెబ్బ తగల్లేదు, దేవునికి స్తోత్రం.

"ఆ చైను మార్చప్పా" అన్నాను.

"ఏమీ కాదులేక్కా, గట్టిగా పట్టుకుంటా సూడు. మొద్దులకి లారీ వస్తాండాది."

"సరే, ప్రార్థన చేస్తా. ముందు దాన్ని ఆపు."

మా ఇంట్లో పెద్దక్క ప్రార్థన మొదలుపెడితే ఆమేన్ అనేదాకా ఎవరూ కదలరు. ఊళ్లోంచి కొత్త చైను తెమ్మని, పక్కనే ఉన్న మరదలికి స్కూటీ వైపు సైగ చేసి కళ్లు మూసుకున్నాను. గుర్రంకొండ పెద్దమ్మతో మొదలుపెట్టి బంధువులందరినీ పేరుపేరునా తలచుకున్నాను. ఇక ముగించమన్నట్టు మధ్యమధ్యలో వాడే ఆమేన్ అంటున్నాడు. కుప్పం చిన్నాన్న మోకాళ్ల నొప్పుల దగ్గరికి వచ్చేసరికి స్కూటీ చప్పుడు వినిపించింది. అప్పుడు అన్నాను ఆమేన్.

"ఇందుకా అక్కా ఇంతసేపు!" అంటూనే కొత్త చైను ఎక్కించాడు.

చిన్నాన్న మోకాళ్ల కోసం నిజంగానే ప్రార్థించాను. సాగదీసింది మాత్రం తమ్ముడి కోసం. తప్పంటారా?