ఆరంకెల బోర్డు

మా నాన్న నలభై ఏళ్లు దుకాణాలకు బోర్డులు రాశాడు. చేతులు వణకడం మొదలయ్యాక కుంచె పక్కన పెట్టి భూతద్దం పట్టాడు. పాత వీధి ఫొటో ఎవరు తెచ్చినా అది ఏ ఏడాదిదో చెప్పేవాడు. ఏ బోర్డు ఎప్పుడు రాశాడో, ఏ కొట్టు ఎప్పుడు చేతులు మారిందో ఆయనకు కంఠతా. అమ్మ పుట్టినరోజు మాత్రం ఏటా నేనే గుర్తుచేయాలి.

సినిమా పోస్టర్లంటే ఆయనకు చిన్నచూపు. "పోస్టరు మాట నమ్మకూడదమ్మా. పెద్ద హాల్లో ఆడిన బొమ్మ చిన్న హాలుకి ఏడాదికో రెండేళ్లకో వస్తుంది. బోర్డు అలా కాదు, అబద్ధమాడదు" అనేవాడు. తన చేతిరాత కదా, కాకిపిల్ల కాకికి ముద్దు.

రోడ్డు వెడల్పు చేసేటప్పుడు మున్సిపల్ ఆఫీసువాళ్లు ఒక షరతు పెట్టారు. పంతొమ్మిది వందల ఎనభై ఆరు దాటకముందే ఆ వీధిలో ఉన్నట్టు రుజువు చూపినవాళ్లకే కొత్త మార్కెట్లో చోటు. తాళాలు బాగుచేసే ఆమె ఆ వారమే మా ఇంటికొచ్చింది. ఆ వీధిలో తండ్రి పెట్టిన బల్లే ఆమెకు బతుకుతెరువు. తండ్రేమో మంచాన పడ్డాడు. ఎనభై ఆరులోనే బల్ల పెట్టానని ఒట్టేసి చెబుతున్నాడట. కాగితం ముక్క లేదు, ఉన్నది ఒక్క ఫొటో.

అందులో ఆమె తండ్రి ఆకురాయితో తాళంచెవి రుద్దుతూ కూర్చున్నాడు. వెనక గోడమీద ఎనభై ఆరులో వచ్చిన సినిమా పోస్టరు. దానిపైన బట్టల కొట్టు బోర్డు, నాన్న రాసిందే. భూతద్దం ఆ బోర్డు దగ్గరే ఆగిపోయింది.

"ఫోన్ నంబరు ఆరంకెలుంది చూడమ్మా. మన ఊళ్లో ఐదంకెలు ఆరయింది ఎనభై ఏడు జూన్‌లో. ఈ ఫొటో ఆ తర్వాతదే."

"మరి ఆ సినిమా, బాబాయ్?"

"చిన్న హాలుకి వచ్చుంటుంది."

"మా నాన్న గట్టిగా చెబుతున్నాడు..."

"వయసు మీదపడితే ఏళ్లు కలగాపులగం అయిపోతాయిలే" అన్నాడు నాన్న, తనకేదో పాతికేళ్లయినట్టు.

ఫొటోల విషయంలో ఆఫీసువాళ్లూ నాన్న మాటే తీసుకునేవారు. వాళ్లడిగితే ఇదే రాసిచ్చాడు, టైపు చేసింది నేను. ఆమె బల్ల తీసేశారు.

ఏడు నెలల తర్వాత బట్టల కొట్టు యజమాని కొడుకు ఒక ఆల్బం తెచ్చాడు. ఒక ఫొటోలో నాన్న నిచ్చెనెక్కి అదే బోర్డు రాస్తున్నాడు. వెనక స్టూడియో ముద్ర ఉంది: ఎనభై ఆరు, నవంబరు. అంకెలు లెక్కపెట్టాను. ఆరు.

"మా నాన్న సంగతి తెలిసిందేగా!" అని అతను పడీపడీ నవ్వాడు. "నంబర్లు మారతాయని ముందే కబురొచ్చింది. రెండుసార్లు రాయించడమెందుకని కొత్త నంబరే వేయించాడు. ఏడు నెలలు కొట్టుకి ఒక్క ఫోను రాలేదు!"

నేనూ నవ్వాను. నాన్న నవ్వలేదు. నిచ్చెన కింద, అదే పోస్టరు ముందు, బల్ల వేసుకుని తాళాలాయన కూర్చునున్నాడు.

"నా చేత్తో నేనే రాశాను" అన్నాడు నాన్న. "మర్చిపోయాను."

నాకు ఒళ్లు మండింది. ఆయన మీద కాదంటే అబద్ధం. టైపు చేసిన నా వేళ్ల మీద కూడా.

ఆ మధ్యాహ్నమే ఆమెను వెతుక్కుంటూ వెళ్లాం. బస్టాండు వెనక సైకిల్ షాపు మెట్ల మీద డబ్బా ముందు పెట్టుకుని కూర్చుంది. నాన్న ఫొటో చేతికిచ్చి, తప్పు నాదేనన్నాడు. ఆఫీసుకి మళ్లీ రాస్తానని, చోటు వచ్చేదాకా కాళ్లరిగేలా తిరుగుతానని చెప్పాడు.

ఆమె ఫొటోలోంచి తల ఎత్తలేదు.

"చోటుదేముంది బాబాయ్, వస్తే వస్తుంది. మీ ఇంటినుంచి వెళ్లి మా నాన్నని అబద్ధాలకోరన్నాను. నాలుగు నెలలు అన్నం పెట్టాను, మందులు వేశాను, మాట మాత్రం కలపలేదు. పోయే ముందురోజు కూడా ఎనభై ఆరే అన్నాడు. నేను మొహం తిప్పుకున్నాను."