తల దించుకుని నడిచే కుక్క

ఆమెను అందరూ తనిఖీ పిన్ని అనేవారు. పాలవాడు పాలు పోసి వెళ్తే గిన్నె వంచి అడుగు చూసేది. వాన పడ్డప్పుడు రేకు కారకపోతే, ఎందుకు కారడం లేదా అని పైకి చూసేది. మొగుడు మంచివాడే. మరీ అంత మంచివాడేమిటని పెళ్లయిన కొత్తలో ఆయన మీద ఒక కన్ను వేసి ఉంచింది. తర్వాత కూడా ఆ కన్ను తియ్యలేదు, కాస్త పక్కకు తిప్పిందంతే.

గొర్రెలు కాసే ఇంట్లో పుట్టి, గొర్రెలు కాసే ఇంటికే కోడలిగా వచ్చింది. గొర్రె ఎవరినైనా నమ్మే జీవం. మంద మొత్తం నమ్ముతూ కూర్చుంటే అనుమానపడే పని ఎవరో ఒకరు చెయ్యాలి కదా. ఆ పని తన నెత్తిన వేసుకుంది. గొర్రె అడుగు వేసే తీరు చూసి గిట్టలో ముల్లుందో పుండుందో చెప్పేది. మేత బస్తా వస్తే చెయ్యి మోచేతిదాకా దూర్చి అడుగున బూజు పట్టిందేమో చూసేది. చాలాసార్లు పట్టే ఉండేది కూడా.

అలాంటి మనిషి ఇంటికి ఆమె తమ్ముడు ఒక కుక్కను తెచ్చాడు. అతను గొర్రెల్ని చేరవేసే వ్యాను నడుపుతాడు. కుక్క తెల్లగా, ఒత్తుగా బొచ్చుతో ఉంది. దూరం నుంచి చూస్తే గొర్రే అనుకోవాలి. ఏదో పెద్ద ఫారంలో, పాకలో గొర్రెపిల్లల మధ్యే పెరిగిందట.

"అక్కా, దీన్ని ఇంట్లోకి రానివ్వకు. ముద్దు చెయ్యకు. మందలో వదిలెయ్, మంద దగ్గరే తిండి పెట్టు," అన్నాడు తమ్ముడు.

"ముద్దు చేసే మొహమా నాది?"

"ఆ విషయంలో నువ్వేం బెంగపడకు బావమరిదీ," అన్నాడు మొగుడు.

ఆమె పుట్టింట్లోనూ కుక్క ఉండేది. అది గొర్రెల కళ్ళలోకి గుచ్చి గుచ్చి చూసేది. వెనకాలే ఉరికి, మడమలు కొరికినంత పని చేసి, మందను ఒక్క దారిన పెట్టేది. కుక్కంటే అలా ఉండాలని ఆమె మనసులో పడిపోయింది. ఇదేమో ఒక్క గొర్రెనూ తోలదు. పిలవని పెళ్లికి వచ్చినవాడిలా తల దించుకుని, చూపు పక్కకు తిప్పుకుని, మెల్లగా మంద మధ్య నడుస్తుంది. ముసలి గొర్రె తలతో ఒక్కటి కుమ్మితే వెల్లకిలా పడి పొట్ట చూపిస్తుంది. ఎండెక్కేసరికి గొర్రెల మధ్యే పడి నిద్ర.

"చూశావా దాని వాలకం? కళ్ళల్లోకి చూడదు. తప్పు చేసే వాళ్ళే అట్లా చూస్తారు," అంది పిన్ని.

"నువ్వు చూసే చూపుకి నేనే తల ఎత్తలేను. అదెంత, పాపం," అన్నాడు మొగుడు.

ఈతల కాలం వచ్చింది. ఒక గొర్రె ఈనుతోందని పిన్ని దొడ్లోకి వెళ్ళేసరికి కుక్క అప్పటికే అక్కడుంది. తల్లి పిల్లను నాకుతోంటే, పిల్లతో పాటు పడిన మాయను అది తింటోంది. ఆ వారంలోనే రెండు పిల్లలు కనబడకుండా పోయాయి. కంచె దగ్గర కాస్త నెత్తురు మరక తప్ప ఏమీ దొరకలేదు.

తమ్ముడికి ఫోను చేసింది. "రక్తం రుచి మరిగిందిరా అది. పిల్లల్ని తినేసింది."

"మాయ పడి ఉంటే ఆ వాసనకి ఊరకుక్కలూ నక్కలూ వస్తాయక్కా. అందుకే అది తినేసి శుభ్రం చేస్తుంది."

"మరి పిల్లలేవి?"

"అది నాకేం తెలుసు."

"తెలీదు కదా. ఆదివారం వచ్చి తీసుకుపో."

"పిల్లల్ని తిన్న కుక్క అని పేరు పడితే ఫారం వాళ్ళు దాన్ని బతకనివ్వరక్కా. చూసి చెప్పు."

"చూసే చెబుతున్నా," అని ఫోను పెట్టేసింది. పెట్టేసిందే గానీ, ఆ పూట అన్నం సరిగ్గా లోపలికి పోలేదు.

"మందంతా దాని చుట్టూనే పడుకుంటుంది. అన్నీ కలిసి అబద్ధం ఆడుతున్నాయంటావా?" అన్నాడు మొగుడు.

"గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఊరికే అన్నారా?"

గొర్రెల సంగతి ఆయనకీ తెలుసు.

శనివారం మొగుడు మేత కొనడానికి బజారుకు వెళ్ళాడు. పిన్ని కుక్కను దొడ్డి తలుపు పక్కనున్న గుంజకు గొలుసుతో కట్టేసి, మందను వెనక బీడులోకి తోలింది. మంద కదిలితేనా. నాలుగడుగులు వెయ్యడం, వెనక్కి తిరిగి చూడడం. అదిలించి అదిలించి ఆమె గొంతు పోయింది.

మధ్యాహ్నం మేస్తున్న తలలన్నీ ఒక్కసారి పైకి లేచాయి. కాలువ గట్టు మీద ఊరకుక్కలు, ఒక గుంపు. తలలెత్తి, గొర్రెల వైపే రెప్ప వెయ్యకుండా చూస్తూ దిగుతున్నాయి. అలా చూడడం అంటే ఏమిటో గొర్రెలకు తెలుసు. మంద అంతా పిన్ని పక్కనుంచే ఉరికింది. ఆమె దగ్గర ఒక్కటీ ఆగలేదు. అన్నీ పోయి గుంజ దగ్గర, గొలుసు చుట్టూ కుప్పపడ్డాయి. పొద్దున ఈనిన గొర్రె ఒక్కటే పిల్లను వదల్లేక వెనకబడింది.

పిన్ని కర్ర పట్టుకుని అడ్డం నిలబడింది. ఒకదాన్ని కొడితే ఇంకొకటి పక్కనుంచి దూరుతోంది. గొర్రెపిల్ల కీచుమంది. అక్కడ గుంజ దగ్గర తెల్ల కుక్క మెడ తెగేలా లాగుతోంది. విప్పితే అది వీటితో కలిస్తే? విప్పకపోతే ఈ పిల్ల పోయినట్టే. పిన్ని పరుగెత్తుకెళ్ళి గొలుసు విప్పింది.

కుక్క తిన్నగా వచ్చి గొర్రెకీ గుంపుకీ మధ్య నిలబడింది. అరిచింది. ఆ గొంతు పిన్ని అంతవరకు వినలేదు. ముందుకొచ్చిన దాన్ని ఒక్క తోపుతో పడేసింది. మిగతావి గట్టు వైపు పరుగు. ఇది సగం దూరం తరిమి వెనక్కి వచ్చేసింది.

'తరమదేం ఇది?' అని అప్పుడు కూడా అనుకుంది పిన్ని. అనుకుంటుండగానే గుంపులో ఒకటి చుట్టూ తిరిగి వెనకనుంచి వచ్చింది. తెల్ల కుక్క దానికి ఎదురుపోయింది. గట్టుదాకా తరుముతూ పోయి ఉంటే పిల్ల దక్కేది కాదు.

గుంపు పోయాక కుక్క తల దించుకుని గొర్రెపిల్ల దగ్గరికి వచ్చింది. పిల్ల కాలు చీరుకుపోయి రక్తం కారుతోంది. కుక్క ఆ రక్తం నాకడం మొదలుపెట్టింది. పిన్ని కర్ర తనకు తెలీకుండానే పైకి లేచింది.

ఈనిన గొర్రె ఎవరినీ దగ్గరికి రానివ్వదు. పొద్దున పిన్ని మీదకే కాలు నేలకు కొట్టి బెదిరించింది. అలాంటిది ఇప్పుడు కుక్క మూతి పక్కనే మూతి పెట్టి పిల్లను వాసన చూస్తోంది. కర్ర చూసి తలెత్తి, పిన్ని వైపు తిరిగి మళ్ళీ కాలు నేలకు కొట్టింది.

పిన్ని కర్ర దించింది.

ఆదివారం తమ్ముడు వ్యాను వెనక తలుపు తీసి పెట్టాడు. అక్క రాలేదు. దొడ్డి వెనక, కంచె కింద నీళ్ళు పోయే తూము దగ్గర కూర్చుని ఉంది. తూము నోట్లో గొర్రెపిల్లల ఉన్ని పీలికలు ఇరుక్కుని ఉన్నాయి. ఊరకుక్కల అడుగులు బురదలో అచ్చులు పడి ఉన్నాయి.

"ఫారం వాళ్ళకి ఏం చెప్పమంటావక్కా?"

"కుక్క ఇక్కడే ఉంటుందని చెప్పు. తూము చూసుకోనిదీ నేనే, దాన్ని కట్టేసిందీ నేనే. దాని మీద ఏ పేరూ వెయ్యొద్దని చెప్పు."

తమ్ముడు ఖాళీ వ్యాను తలుపు మూసేసి, లుంగీ ఎగ్గట్టి, తూముకి అడ్డం పేర్చే రాళ్ళు మొయ్యడానికి వచ్చాడు. మొగుడు రాళ్ళు అందిస్తూ మెల్లగా అడిగాడు: "అయితే నమ్మినట్టేనా దాన్ని?"

"ముందు ఆ పెద్ద రాయి ఇటివ్వు," అంది పిన్ని.