ఎండ వచ్చిందని చెప్పేవాణ్ణి

కార్తీకమాసంలో ఒక మంగళవారం మా ఇంటావిడ పోయింది. ఆ పొద్దున్న ఎప్పటిలాగే టీ ఇచ్చింది. నేను సైకిల్ మీద భిలాయి ఉక్కు ప్లాంటులో మొదటి షిఫ్టుకి వెళ్ళాను. కాసేపటికి పక్క క్వార్టరాయన ప్లాంటు గేటు దగ్గరికి వచ్చి కబురు పంపించాడు. నేను సెక్టర్ ఆరులో మా క్వార్టరుకి చేరేసరికి ఆమెను మంచం మీద పడుకోబెట్టి ఉన్నారు. పెరట్లో బట్టలు ఆరేస్తూ పడిపోయిందట. గుండె అన్నాడు డాక్టరు. పొద్దు వాలకముందే శివనాథ్ నది ఒడ్డుకి తీసుకెళ్ళాం. మాకు పిల్లలు లేరు. నిప్పు నేనే పెట్టాను.

ఇక్కడి మన తెలుగువాళ్ళు చాలామంది ఆమెను కొంగలమ్మ అనేవారు. ఎదురుగా అనకపోయినా ఆమెకి తెలుసు. "కాకులమ్మ అన్లేదు కదండీ, పోన్లెండి" అనేది.

ఆమెది టెక్కలి దగ్గర పల్లె. అక్కడికి ఏటా చలికి ముందు ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి చింతచెట్ల మీద గూళ్ళు కడతాయి. ఊరివాళ్ళు వాటిని పురిటికి వచ్చిన ఆడపిల్లలంటారు. అవి ఉన్నన్నాళ్ళూ ఊళ్ళో టపాకాయ కాల్చరు. ఆ ఊరి మనిషి కనక, పెళ్ళయి భిలాయి వచ్చిన కొత్తలో, ప్లాంటుకి నీళ్ళిచ్చే చెరువులో నత్తగుల్ల కొంగల్ని చూసి, "వీళ్ళు ఇక్కడా ఉన్నారేటండీ!" అంది. బంధువులు కనబడినట్టే అంది. ఆ తర్వాత చెరువు మలుపులో నన్ను సైకిల్ బెల్లు కొట్టనిచ్చేది కాదు. "పురిటిమంచం పక్కన గంట కొడతారేటి?" అని వెనకనుంచి వీపు మీద ఒక్కటి చరిచేది.

పండగలకీ పెళ్ళిళ్ళకీ పనికొస్తుందని నేను కొన్న డబ్బా కెమెరా ఆ చలికాలంలోనే ఆమె చేతికి వెళ్ళింది. మళ్ళీ నాకు రాలేదు.

ఆ కెమెరాలో దూరంగా ఉన్నది దగ్గరికి రాదు. మనమే వెళ్ళాలి. ఆమె చీర ఎగదోపుకుని నీళ్ళలోకి దిగేది. కొంగ మెడ వంచి బురదలో వెతుక్కుంటున్నప్పుడే అడుగు వేసేది. అది తలెత్తితే ఉన్నచోటే ఆగిపోయేది. "దాని పనిలో అదున్నప్పుడే మన పని మనం సేసుకోవాల" అనేది. నా పని గట్టు మీద. ప్లాంటు పొగ వచ్చి సూర్యుణ్ణి కప్పేస్తుండేది. పొగ తొలగి నీళ్ళ మీద ఎండ పడగానే నేను తల ఊపాలి. ఆమె ఓరగా వెనక్కి చూసి మీట నొక్కేది. పిలిస్తే పక్షి లేచిపోతుంది కనక మాటలుండేవి కావు.

దుర్గ్‌లో ఫోటోలు కడిగే ఆయన ప్రతిసారీ ఒకటే అడిగేవాడు. "భాభీజీ, ఇస్‌మే ఆద్మీ కహాఁ హై? ఖాలీ తాలాబ్ హై!" మనుషుల్లేని చెరువుని ఎందుకు తీశారని ఆయన బాధ. ఆమె నువ్వుగింజంత మచ్చ పక్కన గోరు పెట్టి చూపించి, "భయ్యా, పహలే ఆప్ నయా చష్మా బనవాయియే" అనేది, ముందు కొత్త కళ్ళజోడు చేయించుకోమని. ఆయన నవ్వి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసేవాడు.

ఒకసారి ఊరికి వెళ్తుంటే పార్వతీపురం దాటాక సిగ్నల్ లేక బండి ఆగింది. కట్ట కింద మడుగులో ఒక నారాయణపక్షి, బూడిదరంగు ఒళ్ళు, పొడుగాటి మెడ, నిలబడి ఉంది. నేను చూసేసరికే ఆమె దిగిపోయింది. సిగ్నల్ పడింది. "ఏటమ్మా, నీకోసం బండాపాలేటి? ఎక్కు, ఎక్కు!" అని గార్డు కేకలు. ఆమె కదల్లేదు. పక్షి తలెత్తి ఉంది మరి. చివరికి గార్డు కేకలకి అదే ఎగిరిపోయింది. అప్పుడు పరుగెత్తుకొచ్చింది, ఒక చెప్పు మడుగులో వదిలేసి. "మీ బండి మీకుంది బాబూ, నా పిట్టే పోయింది" అని అతన్నే దెబ్బలాడింది. పెట్టెలో అందరూ నవ్వారు.

శివనాథ్ ఒడ్డున చితి అంటుకున్నాక చూశాను. అవతల లోతులేని నీళ్ళలో అలాంటి పక్షే ఉంది. మెడ వంచి వెతుక్కుంటోంది. గాలికి చితి పొగ ఒక పక్కకి వాలింది. పక్షి మీద ఎండ పడింది. నేను చితివైపు తిరిగి తల ఊపాను.

పక్కనే ఆమె తమ్ముడున్నాడు. ఇక్కడికి దగ్గర్లోనే చరోదా రైల్వే యార్డులో పనిచేస్తాడు. "బావా, అక్క కాల్తంటే కొంగని సూస్తన్నావేటి?" అన్నాడు. గట్టిగా అనలేదు.

"లేదు. పొగ కళ్ళలో పడింది" అన్నాను.

పన్నెండు రోజులూ వచ్చాడు. నీళ్ళు మోశాడు, విస్తళ్ళు ఎత్తాడు. నాతో మాట్లాడలేదు. ఆఖరిరోజు భోజనాలయ్యాక చెప్పకుండా వెళ్ళిపోయాడు. చావింటి నుంచి వెళ్ళేవాళ్ళు వెళ్ళొస్తామని చెప్పరు, అది మన ఆచారం. అతను చెప్పనిది ఆచారం కోసమో, నా మొహం చూడలేకో నాకు తెలియదు.

కొంగని చూసినందుకు సిగ్గుపడ్డాను. చూడలేదన్నందుకు ఇంకా సిగ్గుగా ఉంది. ఇన్నేళ్ళలో ఆమెతో కలిసి నేను చేసిన పని అదొక్కటే. ఆమె ఇంకా పూర్తిగా వెళ్ళకముందే దాన్ని కాదన్నాను.

రేపు పొద్దున్న అతను డ్యూటీకి బయల్దేరకముందే చరోదా వెళ్తాను. కొంగనే చూశానని చెప్తాను. ఎండ వచ్చిందని మీ అక్కకి చెప్పానని చెప్తాను. ఏడాది తిరిగేదాకా నేను ఒకరి గుమ్మం ఎక్కకూడదంటారు. వీధిలోనే, సైకిల్ పట్టుకుని నిలబడి చెప్తాను.