ఏడు కార్డుల మీద ఎర్ర సిరా

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, జూన్ నెలలో, మా విభాగాధిపతి నా టేబుల్ మీదికి ఒక ఉత్తర్వు పంపారు. అప్పటికి నేను హన్మకొండలో చైనా భాష బోధించే రీడర్‌ని, అంటే ప్రొఫెసర్‌కు ఒక మెట్టు కింద. స్వరూప అనే పరిశోధక విద్యార్థినికి గైడుగా ఉన్నాయన వేరే ఊరు వెళ్లిపోయారు కాబట్టి ఇకమీదట ఆమె బాధ్యత నాదని అందులో ఉంది. ఆమెకు దొరికిన పొడిగింపుల్లో అదే చివరిది. సెప్టెంబరు ముగిసేలోగా థీసిస్ అప్పజెప్పకపోతే రిజిస్ట్రేషన్ రద్దయి, ఐదేళ్ల చదువు గంగలో కలుస్తుంది.

మా నాన్న డోర్నకల్‌లో రైల్వే గార్డు. బిడ్డ చైనా భాష చెప్తుందంటే ఆయన దోస్తులు "ఎవరికి చెప్తది?" అని నవ్వేవారట. స్వరూప లాంటివాళ్లకు చెప్పానని ఇప్పుడు నిబ్బరంగా అంటాను. ఆమె తండ్రి కాశిబుగ్గలో జంపఖానాలు నేస్తాడు.

చైనా భాషలో విభక్తులు, లింగవచనాలు లేవు కాబట్టి వ్యాకరణమే లేదనుకుంటారు చాలామంది. ఉన్నదంతా మాటల వరుసలోనూ చిన్నచిన్న మాటల్లోనూ ఉంది, అదీ కాలంతో మారుతూ వచ్చింది. 'ముగించు' అనే నిండు క్రియ అరిగి అరిగి, పని అయిపోయిందని చెప్పే చిన్న తోక అయింది. మనం 'తినేశాడు' అన్నప్పుడు అందులోని 'వేయు' ఎవరికీ గుర్తురానట్టే. ఒకప్పుడు మూడు గుర్రాలంటే అంకె, గుర్రం, అంతే. తర్వాత, మనం బట్టను తానుల్లో లెక్కపెట్టినట్టు, లెక్కకు ఒక కొలత మాట జతపడింది. మొదట్లో 'గుర్రం మూడు తాను' అనేవారు, పోనుపోను అది 'మూడు తాను గుర్రం' అయింది. అవును, గుర్రాలకు వాడే ఆ మాట బట్ట తానుకూ కొలతే. అందుకే నేతగాని బిడ్డ ఈ విషయాన్ని పట్టుకుంది.

ఈ వరుస మారింది ఎప్పుడన్నదే ఆమె థీసిస్. అనుకున్నదానికంటే చాలా ముందే మారిందని నేను పాతికేళ్ల కిందట ఒక వ్యాసం రాశాను. నాకు రీడర్ పదవి తెచ్చింది ఆ వ్యాసమే. దాని ఆధారాలు ఒకే పాత గ్రంథం నుంచి తీసిన పన్నెండు కార్డులు. మా పనిలో వాక్యానికొక కార్డు. ఎడమ మూల గ్రంథం పేరు, కుడి మూల కాలం, మధ్యలో వాక్యం, కింద పేజీ. కుడి మూలే ప్రాణం. కాలం తప్పితే వాక్యం ఎంత బాగున్నా దండగే. నా కార్డుల పెట్టె ఎవరు ముట్టుకున్నా నాకు పడేది కాదు. స్వరూపకు మాత్రం ఇచ్చాను. ఆమె మూడో అధ్యాయం వాటిమీదే నిలబడింది.

గడువు పదకొండు రోజులుందనగా ఆమె నా గదికి వచ్చి టేబుల్ మీద కొన్ని ఫొటోలు పరిచింది. పేజీ నంబర్లు సరిచూడటానికి ఆ గ్రంథం పాత చెక్కపలకల అచ్చు ఫొటోలు సంపాదించిందట. పాత చైనా పుస్తకాల్లో మూలం పెద్ద అక్షరాల్లో ఒకే వరుసగా ఉంటుంది. దాని కిందే చిన్న అక్షరాలతో జంట వరుసల్లో వ్యాఖ్యానం ఇరికించి ఉంటుంది. నేను చదువుకునే రోజుల్లో దొరికింది చౌక ముద్రణ, అందులో రెండూ ఒకే సైజు. నా పన్నెండింట్లో ఏడు వాక్యాలు మూలానివి కావు, వ్యాఖ్యాతవి. ఆయన మూలకర్తకు ఏడెనిమిది వందల ఏళ్ల తర్వాతివాడు.

నాకు ఒళ్లు మండింది. గడువు ముందర పెట్టుకుని ఇప్పుడా ఈ తవ్వకం అని కసిరాను. పరీక్షకులెవరూ పాత అచ్చు తిరగేయరని కూడా అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. ఆమె తల వంచుకునే జవాబిచ్చింది.

"మా బాపు నేసేటప్పుడు ఒక్క పోగు తప్పు పడ్డదని కనబడితే అక్కడిదాక ఇప్పుతడు మేడం. మీద మీద నేసుకుంట పోడు."

రెండు రోజులు భూతద్దం పెట్టుకుని ఆ ఫొటోలు చూశాను. ఏడూ తప్పే. మూడోరోజు ఆమెను పిలిచి అధ్యాయం విప్పమన్నాను. ఆ తప్పు ఎవరిదో నా పేరుతో సహా రాయమన్నాను. తనవల్ల కాదంది. ఆ పేరా నేనే రాసిచ్చాను. మిగిలిన ఎనిమిది రోజులు అధ్యాయాన్ని మొదటినుంచి కట్టింది. గడువు చివరి రోజు సాయంత్రం ఆఫీసు మూసేలోగా థీసిస్ అందింది.

వైవా, అంటే అందరి ముందు జరిగే మౌఖిక పరీక్ష, ఫిబ్రవరిలో. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు మూడో అధ్యాయం తెరిచి, మీ గైడు రాసిందే తప్పంటారా అని అడిగాడు. స్వరూప నావైపు చూడలేదు.

"అవును సార్. ఏడు కార్డులు తప్పు. అయిదు నిలబడ్డయి. వాటితోనే రాసిన."

ఆయన నావైపు తిరిగాడు. లేచి నిలబడి, ఆ కార్డులు నేను రాసినవే, ఆమె చెప్పింది నిజమే అన్నాను. నా ఉద్యోగంలో నేను అంత గర్వంగా నిలబడిన రోజు ఇంకొకటి లేదు. ఆమెకు డాక్టరేట్ వచ్చింది. ఆ వరుస మారడానికి నేను చెప్పినదానికంటే కొన్ని వందల ఏళ్లు ఎక్కువ పట్టిందన్నదే ఇప్పుడు మా తరగతుల్లో చెప్పే మాట.

రిటైరైన రోజు కార్డుల పెట్టె స్వరూపకిచ్చాను. ఇప్పుడామె అదే విభాగంలో లెక్చరర్. ఆ ఏడింటిమీద ఎర్ర సిరాతో 'వ్యాఖ్యానం' అని రాసింది నేనే. కొత్త పిల్లలకు ఆమె మొదటిరోజు చేతికిచ్చేది వాటినే. వెనకవైపు నా సంతకం అలాగే ఉంది, చెరిపేయమని నేను అడగలేదు. నేను నేర్చుకున్నది చిన్నదే. వాక్యం ఎవరిదో పాత అచ్చులో కళ్లారా చూశాకే కార్డు కుడి మూల నింపాలి.