వంటగిన్నెలో గోల్డ్‌ఫిష్‌లు

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. మాది కోరుట్ల. మా అమ్మాయి కోసం ఇంట్లో అక్వేరియం పెట్టాను. గులకరాళ్లు కడిగి పరిచి, నీళ్లు నింపి, వారం రోజులు ఫిల్టరు నడిపాకే జగిత్యాల వెళ్లి ఆరు గోల్డ్‌ఫిష్‌లు కొన్నాను. అంతా పద్ధతిగా చేశానన్న ధీమాతో తిరుగు బస్సెక్కాను.

దారిలో రాస్తారోకో. రోడ్డు మీదే వంటావార్పు మొదలైంది. బస్సు కదిలేలా లేదు. ఇంతలో నా ఒళ్లో తడి తగిలింది. చూస్తే చేపల కవరుకు చిల్లు పడి నీళ్లు కారిపోతున్నాయి! దాన్ని పట్టుకుని పొయ్యిల దగ్గరికి పరుగెత్తాను.

"అక్కా, జర జల్ది ఒక గిన్నె ఇయ్యి!" అన్నాను.

అన్నం కలుపుతున్నామె కవరు వైపు చూసింది. "కూరకు తెచ్చినవా చెల్లె? గింత మందికి గీ ఆరు చేపలు ఏడ సరిపోతయి?"

"అయ్యో, తినేటియి కావక్కా, పెంచుకునేటియి!"

నినాదాలు ఆగిపోయి అందరూ ఒక్కసారిగా నవ్వారు. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. కానీ ఆమె అప్పటికే గిన్నె కడిగి, పక్క పొలంలోని బోరు నీళ్లు పట్టింది. చేపలను వదిలాక, దారి తెరిచేదాకా చెంబుతో నీళ్లు ఎత్తి పోస్తూనే ఉంది.

"మా ఆయన చెరువుల చేపలు పడ్తడు. నీళ్లు గిట్ల కదిలిస్తె వాటికి గాలాడ్తది," అంది.

బస్సు బయలుదేరుతుంటే గిన్నెను నా చేతిలో పెట్టింది. "మా ఊరు గిదే. మళ్ల అచ్చినప్పుడు ఇయ్యి."

ఆరు చేపలూ క్షేమంగా ఇల్లు చేరాయి. రెండు రోజుల తర్వాత వెళ్లి గిన్నె ఇచ్చి వచ్చాను. పేరైనా అడగకుండా నన్ను నమ్మిన ఆ అక్కను తలుచుకుంటే, మనుషుల మీద నాకు ఇప్పటికీ కొండంత భరోసా.