బొగ్గులో గాడి

పుత్తూరులో గిరిప్రసాద్ ఇంటి పెరట్లో మొదటి వాయి కోడిముక్కలు పొయ్యి దిగీ దిగగానే పళ్లెం ఖాళీ అయింది.

"ఏం బొగ్గప్పా ఇది! కంట్లో పొగ పడలే, ముక్క మాడలే," అని గిరిప్రసాద్ చుట్టాలందరి ముందూ మెచ్చుకున్నాడు. సుబ్రమణ్యం సిగ్గుపడుతూ నవ్వాడు.

సుబ్రమణ్యం నగరి మనిషి. ముప్పై ఎనిమిదో ఏడు దాకా మగ్గం నేశాడు. మరమగ్గాల ముందు నిలవలేక చెన్నైలో ఒక హోటల్లో నిప్పుల పొయ్యి దగ్గర చేరి, పని నేర్చుకుని తిరిగొచ్చాడు. ఇప్పుడు ఇనప పొయ్యిని ఆటోలో వేసుకుని, పిలిచినవాళ్ల పెరట్లోకే వెళ్లి కోళ్లూ చేపలూ కాల్చి పెడతాడు. ఆయనది ఒకటే షరతు. బొగ్గు తనే తెచ్చుకోవాలి. ఇస్త్రీ బండికి పనికొచ్చే బొగ్గు మాంసానికి పనికిరాదంటాడు. సంచిలో చెయ్యి పెట్టి రెండు ముక్కలు తీసి ఒకదానితో ఒకటి కొడతాడు. ఖంగుమంటే తీసుకుంటాడు. మొద్దుగా పలికితే లోపల ఇంకా కొయ్య మిగిలి ఉన్నట్టే, అది పొగ కక్కుతుంది. తేలిగ్గా ఉన్నది కాగితంలా కాలిపోతుంది. మేకులూ రంగూ తగిలిన కొయ్య అయితే సంచి ముట్టుకోడు.

ఈసారి బొగ్గుబట్టీ యజమాని మునిప్రసాద్ ఇచ్చిన సంచిలో బొగ్గు పలికిన తీరు అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

"చింతచేవప్పా. యాభై ఏండ్లు ఎండిన కొయ్య. మళ్లా అడిగితే నాకాడ ఉండదు," అన్నాడు మునిప్రసాద్. సుబ్రమణ్యం బేరమైనా ఆడకుండా తెచ్చుకున్నాడు.

రెండో వాయికి నిప్పు చాలక సంచిలో చెయ్యి పెట్టాడు. మూరెడు ముక్క తగిలింది. మోకాలికి ఆనించి విరవబోతుంటే బొటనవేలు ఒక గాడిలో పడింది. తిన్నని గాడి, ముక్క ఈ కొస నుంచి ఆ కొస దాకా. చెట్టుకు అట్లాంటి గీత ఉండదు. తిప్పి చూశాడు. ఒక చివర చదరంగా తొలిచిన బెజ్జం.



అది దోనె. నేసిన బట్ట చుట్టుకునే కొయ్య, నేసేవాడి ఒడి దగ్గరే ఉంటుంది. ఆ గాడిలో సన్నటి కమ్మి దూర్చి బట్ట అంచు బిగిస్తారు. ఇరవై ఏళ్లు ఆయన బొటనవేలు రోజూ తడిమిన చోటు అది. సంచి మొత్తం నేల మీద గుమ్మరించాడు. గాడి ఉన్న ముక్కలు ఇంకో రెండు కనబడ్డాయి.

"ఏమైందప్పా, పామా?" గిరిప్రసాద్ పరుగెత్తుకొచ్చాడు.

"మగ్గం సార్. మగ్గాన్ని కాల్చి పెట్టినాను మీకు."

"ఏదైతే ఏమప్పా, బొగ్గే గదా?"

సుబ్రమణ్యం గాడి ముక్కలు పక్కన పెట్టాడు. ఆటోలో అడుగున ఉన్న కొబ్బరిచిప్పల బొగ్గు తెచ్చి మిగతా చేపలు కాల్చాడు. అవి కాలాయో మాడాయో ఆయనకు తెలియలేదు. ఇంటికి పోకుండా ఆటోను నేరుగా బట్టీకి తిప్పాడు.

బట్టీ వెనక మగ్గం కొయ్యలు ఇంకొన్ని పడి ఉన్నాయి. పైనున్న స్తంభం మీద ఉలితో చెక్కిన నెలవంక. అది చెక్కింది సుబ్రమణ్యం నాయన. నాయన పోయాక ఆ మగ్గం అన్న దామోదరం ఇంట్లో ఉంది. అన్న దాని మీద ఇంకా నేస్తున్నాడనే సుబ్రమణ్యం ఈ రోజు దాకా అనుకుంటున్నాడు.

"ఎవరో దామోదరం అంటప్పా, ఆయనే బండి పిలిపించి ఎక్కించినాడు," అన్నాడు మునిప్రసాద్. సుబ్రమణ్యం మొహం చూసి, "నీకు తెలిసినోళ్లా?" అని అడిగాడు.

"మా అన్న."

దామోదరం ఇంట్లో మగ్గం గుంత పూడ్చి సిమెంటు వేసి ఉంది. దాని మీద కుక్కిమంచం. దామోదరం మరమగ్గాల షెడ్డులో పని దిగి అప్పుడే వచ్చినట్టున్నాడు, తలంతా నూలు దూది.

"ఎప్పుడన్నా?"

"ఆడి నెలలో."

"నాకొక్క మాట చెప్పకూడదా?"

"ఏ మొకంతో చెప్పేది? నువ్వు మగ్గం దిగి చెన్నైకి పోతావుంటే నాయన పేరు చెడిపినావని వీధిలో నిలబెట్టి తిట్టింది నేను గదా. అదే పని నేను చేసినాక నీ ఇంటికి యాడొచ్చేది?"

సుబ్రమణ్యం మంచం అంచున కూర్చున్నాడు. జరిగింది చెప్పాలనే వచ్చాడు.

"దోనెను నేనే కాల్చినాను అన్నా. తెలీక. ఒక వాయి అయిపోయినాక చూసినాను."

దామోదరం తమ్ముడి మసి చేతుల వైపు చూశాడు. తరవాత మెల్లగా అడిగాడు:

"పొగొచ్చిందా?"

"రాలేదన్నా."

"చేవ అట్లాంటిది," అన్నాడు దామోదరం. తల పక్కకు తిప్పుకున్నాడు.

సుబ్రమణ్యం ఆ రాత్రి అన్న ఇంట్లోనే తిన్నాడు. పద్నాలుగేళ్ల తరవాత ఆ ఇంట్లో చెయ్యి కడగడం అదే. మరుసటి ఆదివారం తిరుపతిలో పిలుపు ఉంటే, పొయ్యి ముట్టించబుద్ధి కాక రానని కబురు చేశాడు. ఆ పైవారం ఇంకో పిలుపు వస్తే పొయ్యి ఆటోలో వేసుకుని వెళ్లాడు.