ఎర్రపెయ్య తొలిచూలు

ఆలూరు పక్క పల్లెలో మా తమ్ముడి సేద్యం. ఉద్యోగ విరమణ తరువాత నేనూ అక్కడే ఉంటున్నాను. వానను నమ్ముకున్న ఆ నేలలో పైరు చేతికి వచ్చినా రాకపోయినా ఇల్లు గడిపేది పాడి. ఆ పాడికి ఆధారమైన ఆవు రెండవ కాన్పులో మా కళ్ళ ముందే ప్రాణం విడిచింది. దూడ మితిమీరి పెద్దదైంది. తల బయటపడింది, భుజాలు రాలేదు. ఆ ఆవు అరుపు క్రమంగా మూలుగై, మూలుగు నిట్టూర్పై, ఆ తరువాత అదీ వినరాకపోవడం నేను పక్కన నిలిచి విన్నాను. దాని తొలికాన్పు బిడ్డ ఎర్రపెయ్య ఒక్కటే మిగిలింది. మా మరదలు తన చేతి కుడితితో దానిని పెంచింది.

అది ఎదకు వచ్చిన రోజున ఇంట్లో ఎవరూ సంతోషించలేదు.

పశువుల డాక్టరమ్మ రాజంపేట ప్రాంతపు పిల్ల. తన ఫోనులో కొన్ని ఆబోతుల వివరాలు చూపించింది. ఒక్కొక్కదానికి ఎదురుగా అంచనాలు: దాని కూతుళ్ళు ఎంత పాలిస్తాయి, దాని దూడ ఎంత తేలికగా భూమి మీద పడుతుంది, ఆ లెక్కను ఎంతవరకు నమ్మవచ్చు. ఆబోతు సంతానాన్నీ రక్తబంధువులనూ పరిశీలించి కట్టిన లెక్కలట అవి.

"ఏం తల్లీ, పెండ్లి సంబంధం మాదిరి జాతకం చూపిస్తాండావు, పిల్లోని మొగం మాత్రం చూపియ్యవు" అన్నాడు తమ్ముడు.

"మొగం చూసే కదన్నా పోయినసారి ఊరి ఆబోతును తోలుకొచ్చినారు? మూపురం శానా బాగుండెనంట" అని నవ్వింది డాక్టరమ్మ. మరదలి ముఖం చూసి ఆ నవ్వు వెంటనే ఆపుకుంది.

తమ్ముడి వేలు పాల అంకె పెద్దగా ఉన్న ఆబోతు మీద నిలిచింది. డాక్టరమ్మ ఒప్పుకోలేదు.

"పాలకైతే ఇదే మేలు. కానీ దీని దూడలు పెద్దగా పుడతాండాయి. మీ పెయ్య నడుము ఇరుకు, అందులో తొలిచూలు. ఈ రెండోది చూడన్నా. పాలు కొంచెం తక్కువ. ఈనేది మాత్రం సులభం."

"సులభమని రాసిస్తావా అమ్మా?" అంది మరదలు.

"అంచనా అక్కా ఇది, పూచీ కాదు. శానా దూడలను చూసి కట్టిన లెక్క. మీ పెయ్య కడుపులో పెరిగేదాన్ని ఇప్పుడే చూసి చెప్పలేను కదా."

ఆమె సత్యమే చెప్పింది. ఆ రెండవ ఆబోతు వీర్యపు సూదే వేయించాము. అయితే లెక్క మీది నమ్మకం ఇంటి గడప దాటి లోపలికి రాలేదు. పూచీ లేదన్న మాట మాత్రం వచ్చి తిష్ఠ వేసింది. కడుపు పెరిగే కొద్దీ మరదలి మాటలు తగ్గాయి. నేను ప్రాతఃకాలాన పద్యం ఎత్తుకుంటే, పాదం పూర్తి కాకముందే చెవి కొట్టం వైపు పోయేది.

నెలలు నిండుతుండగా ఒక ఉదయం పెయ్య మేత వేసే గాడి ఖాళీగా ఉంటే దానినే నాకుతూ కనిపించింది. కడుపు బరువుగా వేలాడుతోంది. పైన పక్కటెముకలన్నీ తేలి ఉన్నాయి. కరువు కాలం కాదు. చొప్పవామి నిండుగా ఉంది.

"ఏమమ్మా, దీనికి మేత వేయడం లేదా?"

"వేస్తాండా బావా. కొంచెమే వేస్తాండా." ఆమె నా వైపు చూడలేదు. "కడుపునిండా తింటే దూడ పెద్దదైతాది. దీని తల్లికి నేనే కదా గానుగచెక్క నానబెట్టి పెడితి. ఈసారి పెట్టను."

చూలాలు ఎక్కువ తింటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందని మా వైపు ఆడవాళ్ళకే చెబుతారు. ఆమె ఆ మాటను పెయ్యకు అన్వయించింది.

నేను కబురు చేయగా డాక్టరమ్మ వచ్చింది. పెయ్య వెన్నునూ పక్కటెముకలనూ తడిమి చూసింది.

"కడుపులోది తనకు కావలసింది లాక్కుంటానే ఉంటాది అక్కా. ఎండిపోయేది తల్లి. ఈనేటప్పుడు ముక్కేదానికి బలం యాడినుంచి వస్తాది?"

మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఒక్కసారిగా మేపరాదనీ, కొద్దికొద్దిగా పెంచాలనీ చెప్పి డాక్టరమ్మ వెళ్ళింది. పెంచడానికి వ్యవధి ఎంతో లేదు. అంతవరకు దూడను తలచి భయపడ్డాము. ఆ నాటి నుంచి తల్లిని చూసి భయపడ్డాము.

నొప్పులు ఒక మిట్టమధ్యాహ్నం వచ్చాయి. నీటిబుడ్డ పగిలింది. రెండు ముందు గిట్టలు, వాటి మీద ముట్టె కనిపించాయి. అంతా సక్రమంగానే ఉందని కబురందుకుని వచ్చిన డాక్టరమ్మ అంది. అయినా దూడ కదలలేదు. పెయ్య కొంత ముక్కి, మెడ నేలకు చాచి ఊరుకుంది. ఆ నిశ్శబ్దానికి తమ్ముడు కళ్ళు మూసుకున్నాడు.

"అన్నా, కండ్లు తెరువు, తాడు పట్టు!" అని డాక్టరమ్మ గద్దించింది.

గిట్టలకు తాడు వేసి, పెయ్య ముక్కినప్పుడల్లా ఇద్దరూ మెల్లగా లాగారు. భుజాలు ఏ ఆటంకమూ లేకుండా జారి వచ్చాయి. చిన్న దూడ. ఆబోతు అంచనా తప్పలేదు. దూడ తుమ్మి తల ఎత్తింది. తల్లి ఎత్తలేదు.

నరానికి మందు ఎక్కించారు. ఒరిగిపోకుండా పక్కన గోనెసంచులు పేర్చి, బెల్లం నీళ్ళు తాపించారు. పొద్దు వాలుతున్నా మరదలు కొట్టంలోకి రాలేదు. గడప మీద గోడవైపు ముఖం తిప్పి కూర్చుంది. ఎట్టకేలకు పెయ్య వెనుక కాళ్ళు కూడదీసుకుని, తమ్ముడి భుజానికి ఆనుకుని లేచింది.

"లేచిందమ్మా!" అని కేక వేశాను. ఆమె ఇటు తిరగలేదు.

"నిలబడే ఉండాదా బావా?"

"నిలబడే ఉంది."

కొంతసేపటికి మళ్ళీ, "ఇంకా నిలబడే ఉండాదా?"

పెయ్య కాళ్ళ వణుకు ఆగలేదు. "ఉందమ్మా" అన్నాను. ఆ మాట ముగియకముందే ఆమె మళ్ళీ అడిగింది.